రమాబాయి గది తలుపు

1893లో పుణె నగరాన్ని కొన్ని నెలలపాటు ఊపేసిన గొడవ ఒక గది తలుపు గురించి. ఆ గది శారదా సదనంలో ఉంది. హిందూ బాల వితంతువులకు చదువు, తిండి, నీడ ఇచ్చే చోటు అది. నడిపేది పండిత రమాబాయి. ఆమె పదేళ్ల కిందటే ఇంగ్లండులో క్రైస్తవం పుచ్చుకుంది. ఆ సంగతి తెలిసే రానడే, భండార్కర్ లాంటి హిందూ సంస్కర్తలు, పెద్దలు సదనం సలహా సంఘంలో చేరారు, బడిలో మతం చెప్పబోమని ఆమె మాటిచ్చింది కాబట్టి. తరగతిలో మతం చెప్పలేదు కూడా. కాకపోతే రోజూ తన గదిలో బైబిల్ చదువుకుని ప్రార్థన చేసుకునేది. ఆ వేళ తలుపు వేసేది కాదు. కొందరు అమ్మాయిలు వచ్చి కూర్చోవడం మొదలుపెట్టారు.

తలుపు ఎందుకు వేసుకోలేదని పుణె పెద్దలు అడిగారు. నా గదిలో నేనెందుకు తలుపు వేసుకుని దాక్కోవాలని ఆమె అడిగింది. ఇద్దరి ప్రశ్నలోనూ బలం ఉంది, ఆ సంగతికి మళ్లీ వద్దాం. అంతకుముందు గమనించాల్సింది ఒకటుంది. రమాబాయి జీవితంలో ఇది మొదటి తలుపు గొడవ కాదు, చివరిదీ కాదు. ఆమె ఎవరిని పెళ్లాడింది, ఏం తింటుంది, ఎవరికి పాఠం చెబుతుంది, కూతురికి ఏం నేర్పుతుంది, మెడలో ఏ గుర్తు వేసుకుంటుంది అన్నవన్నీ ఎప్పుడూ ఎవరో ఒకరు తీర్పు చెప్పాల్సిన విషయాలయ్యాయి. సొంత విషయానికీ లోకం విషయానికీ మధ్య గీత ఎక్కడుండాలో తేల్చే హక్కును ఆమెకు వదిలిపెట్టినవాళ్లు చాలా తక్కువ. ఆమె రాతల్నీ పనుల్నీ ఈ కోణం నుంచి చూస్తే, ఒకదానికొకటి పొంతన లేనట్టు కనబడే మలుపులు చాలావరకు అర్థమవుతాయి.

నిజానికి ఆ గీత ఆమె పుట్టకముందే చెరిగిపోయింది. తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే మంగళూరు ప్రాంతపు చిత్పావన బ్రాహ్మణుడు, సంస్కృత పండితుడు. పీష్వా ఇంట్లో ఆడవాళ్లకు సంస్కృతం చెప్పడం చూసి, తన భార్యకు కూడా చెప్పాలనుకున్నాడు. నలభై దాటిన వయసులో, గోదావరి ఒడ్డున స్నానానికి వచ్చిన ఒక యాత్రికుడి తొమ్మిదేళ్ల కూతురు లక్ష్మీబాయిని రెండో పెళ్లి చేసుకుని, ఆమెకు సంస్కృతం నేర్పాడు. (బాల్యవివాహాన్ని అంత గట్టిగా ఎదిరించిన రమాబాయి తల్లిదండ్రుల పెళ్లి ఇదీ.) భార్యకు చదువు చెప్పినందుకు బంధువులు తప్పుపట్టారు. ఉడుపిలో పండితుల సభ ముందు నిలబడి శాస్త్రాధారాలు చూపించుకోవాల్సి వచ్చింది. చివరికి పడమటి కనుమల్లో గంగామూల అనే అడవిచోట ఇల్లు కట్టుకుని ఉన్నారు. 1858 ఏప్రిల్ 23న రమాబాయి పుట్టింది అక్కడే.

ఆరునెలల పిల్లగా ఉన్నప్పుడే కుటుంబం యాత్రలకు బయల్దేరింది. గుడి దగ్గరో చెరువుగట్టునో కూర్చుని పురాణం చెప్పడం, వినేవాళ్లు ఇచ్చిన బియ్యం, డబ్బుతో గడుపుకోవడం. తల్లి తెల్లవారుజామున లేపి శ్లోకాలు చెప్పించేది. భాగవతంలోని పద్దెనిమిది వేల శ్లోకాలు రమాబాయికి నోటికి వచ్చాయి. అక్క కృష్ణాబాయికి చిన్నప్పుడే పెళ్లి చేసి చేయి కాల్చుకున్న తండ్రి, చిన్న కూతురికి ఆ తొందర పడలేదు. ఒక బ్రాహ్మణ పిల్ల పదహారేళ్లు దాటినా పెళ్లి లేకుండా, సంస్కృతం ధారగా చెబుతూ ఊళ్లు తిరగడమంటే ఆ రోజుల్లో మామూలు సంగతి కాదు. చెరువుగట్టే ఆమెకు బడి, చెరువుగట్టే వేదిక, చెరువుగట్టే వంటిల్లు.

1870ల కరువు ఈ బతుకును కూల్చేసింది. ఇక్కడే కథ తెలుగునేల మీదికి వస్తుంది. 1907లో రాసిన సాక్ష్యం అనే చిన్న ఆత్మకథలో రమాబాయి ఆ రోజుల్ని చెప్పింది. ఉన్న డబ్బంతా దానాలకూ వ్రతాలకూ పోయింది. కూలిపని చేయడానికి కులం అడ్డు. గింజ బియ్యం కూడా లేని రోజున, ఇక అడవిలోకి వెళ్లి చనిపోదామని ఇంటిల్లిపాదీ నిశ్చయించుకున్నారు. ఆ అడవి తిరుపతి కొండ దగ్గరిది. పదకొండు రోజులపాటు నీళ్లు, ఆకులు, గుప్పెడు అడవి ఈతపళ్లతో గడిపారు. కళ్లు పోయిన ముసలి తండ్రి నీళ్లలో దూకి ప్రాణం వదులుతానన్నాడు. కొడుకు శ్రీనివాసుడు, కుల గర్వం వదిలేసి ఏదో ఒక పని చేసి అందరినీ పోషిస్తానని బతిమాలాడు. అడవి నుంచి బయటికి వచ్చిన కొద్ది రోజులకే తండ్రి పోయాడు. వారాలు తిరక్కుండా రాయచూరు దగ్గర తల్లి. జ్వరంతో ఉన్న తల్లి కోసం పొరుగింట్లో రొట్టెముక్క అడగబోయి రమాబాయికి నోరు పెగల్లేదు. పాడె మోయడానికి ఇద్దరు బ్రాహ్మణులే వచ్చారు. మిగిలిన కొమ్ము తనే మోసింది. మనిషి పొట్టి కావడంతో భుజం అందక పాడెను తలమీద పెట్టుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత అక్క కూడా పోయింది.

మిగిలిన అన్నాచెల్లెళ్లు కశ్మీరు దాకా నడిచారు. జీలం ఒడ్డున చలికి తాళలేక ఇసుకలో గుంటలు తవ్వుకుని, తల మాత్రం బయటికి ఉంచి ఒంటిమీద ఇసుక కప్పుకుని పడుకున్న రాత్రులున్నాయి. మొత్తం నాలుగు వేల మైళ్లకు పైగా నడిచామని ఆమె లెక్క. ఇలా నడుస్తూ 1878లో కలకత్తా చేరినప్పుడు వయసు ఇరవై.

కలకత్తా పండితులు పరీక్షించి ‘పండిత’, ‘సరస్వతి’ అనే బిరుదులిచ్చారు. ఊరంతా సభలు, సన్మానాలు. ఆడవాళ్ల సభల్లో ధర్మశాస్త్రాల గురించి చెప్పమని అడిగితే, అప్పటిదాకా పురాణాలే చదివిన రమాబాయి ధర్మశాస్త్రాలు తెరిచింది. బ్రహ్మసమాజ నాయకుడు కేశవ చంద్ర సేన్ వేదం ప్రతి చేతికిచ్చి చదవమన్నాడు. ఆడవాళ్లు చదవకూడదు కదా అని మొదట జంకింది కూడా. చదివాక తేలింది, గ్రంథానికీ గ్రంథానికీ ఎన్ని విషయాల్లో తేడా ఉన్నా రెండింటిలో మాత్రం అన్నీ ఒకటే మాట చెబుతున్నాయని: ఆడది స్వభావం చేత చెడ్డది, మగవాడికి దొరికే మోక్షం ఆమెకు దొరకదు. తనను సరస్వతి అని పిలిచిన సభలే ఈ పుస్తకాలను నెత్తిన పెట్టుకుంటున్నాయి. ఇక్కడి నుంచి ఆమె ప్రయాణం వేరు దారి పట్టింది.

1880లో అన్న చనిపోయాడు. అదే ఏడాది అతని స్నేహితుడు, బెంగాలీ వకీలు బిపిన్ బిహారీని పెళ్లి చేసుకుంది. అతను కాయస్థుడు, బ్రాహ్మణుల లెక్కలో శూద్రుడు. 1872 చట్టం కింద రిజిస్టరు పెళ్లి. రెండు వైపులవాళ్లూ వెలేశారు. అతని ఇంటిపేరు మేధావి. ఇదే పేరు తర్వాత శుక్రగ్రహం మీద ఒక బిలానికి కూడా పెట్టారు. తెలుగు చదువరికి ఇది కాస్త నవ్వు తెప్పించే యాదృచ్ఛికం: చదువుతో వచ్చిన బిరుదు పండిత, పెళ్లితో వచ్చిన ఇంటిపేరు మేధావి. 1881 ఏప్రిల్‌లో కూతురు మనోరమ పుట్టింది. 1882 ఫిబ్రవరిలో కలరాతో భర్త పోయాడు. పెళ్లయి రెండేళ్లు కూడా నిండలేదు.

ఇరవైమూడేళ్ల వితంతువు, చంటిపిల్ల, వెనక పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు. అప్పటికి కొన్ని నెలల ముందే, 1881 డిసెంబరులో, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించాడు. దేశంలో వితంతువుల గురించి మాట్లాడే సంస్కర్తలు చాలామంది ఉన్నారు, దాదాపు అందరూ మగవాళ్లు. వాళ్ల దృష్టిలో వితంతువు సమస్యకు మందు మళ్లీ పెళ్లి. రమాబాయి ఆ పెళ్లిళ్లను కాదనలేదు గానీ, తను అడిగింది వేరే: వితంతువు తన కాళ్ల మీద తను బతికే దారి. వేరే ఇంటికి పంపించడం గురించి కాకుండా, సొంత సంపాదన గురించి మాట్లాడింది. ఈ తేడా పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. రాయచూరులో రొట్టెముక్క కోసం పొరుగింటి గుమ్మంలో నిలబడ్డ అమ్మాయికి అది తెలిసిన సంగతి.

పుణె వచ్చి 1882లో ఆర్య మహిళా సమాజం పెట్టింది. స్త్రీ ధర్మనీతి అనే మరాఠీ పుస్తకం రాసింది. ఈ పుస్తకం చదివితే తర్వాతి రమాబాయి అంతగా కనబడదు. ఆడవాళ్ల వెనకబాటుకు వాళ్ల బద్ధకాన్నే ఎక్కువగా తప్పుపడుతుంది, పతిభక్తి గురించి చెబుతుంది. అభిమానులు దీన్ని దాటేసి పోతుంటారు. కానీ అదే ఏడాది ప్రభుత్వం వేసిన హంటర్ విద్యా కమిషన్ ముందు ఇచ్చిన వాంగ్మూలం గొంతు వేరు. ఈ దేశంలో చదువుకున్న మగవాళ్లలో నూటికి తొంభైతొమ్మిది మంది ఆడవాళ్ల చదువుకు వ్యతిరేకులని, ఆవగింజంత తప్పు కనబడితే కొండంత చేసి ఆడదాని నడవడిక మీద మచ్చ వేస్తారని చెప్పింది. ఆడవాళ్లకు ఆడ డాక్టర్లు కావాలని, పంతులమ్మలకు శిక్షణ కావాలని అడిగింది. ఆ ఆవగింజ మాట తనకెంత పనికొస్తుందో అప్పటికి ఆమెకూ తెలిసి ఉండదు.

డాక్టరు చదవాలని 1883లో ఇంగ్లండు వెళ్లింది. దారి ఖర్చులకు స్త్రీ ధర్మనీతి డబ్బు అక్కరకు వచ్చింది. చెవుడు ముదురుతుండడంతో డాక్టరు చదువు కుదరలేదు. వాంటేజ్ అనే ఊళ్లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సన్యాసినుల మఠంలో ఉంది. వెంట వెళ్లిన స్నేహితురాలు అక్కడే విషం తాగి చనిపోయింది. ఆ తర్వాత కొద్ది వారాలకే, 1883 సెప్టెంబరు 29న, రమాబాయి కూతురితో పాటు బాప్తిస్మం తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమె తర్వాత చెప్పుకుంది. దారి తప్పినవాళ్లంటూ లోకం వెలివేసిన ఆడవాళ్లను సన్యాసినులు చేరదీసి చూసుకోవడం లండన్‌లోని ఫుల్‌హామ్‌లో చూసింది. ధర్మశాస్త్రాల్లో అలాంటి ఆడదానికి శిక్షే ఉంది, దయ లేదు. బావి దగ్గర సమరయ స్త్రీతో ఏసు మాట్లాడిన కథ ఆమెను పట్టేసింది.

మహారాష్ట్రలో అగ్గి రాజుకుంది. బ్రాహ్మణ పండితురాలు, సరస్వతి బిరుదున్న మనిషి ఇలా చేస్తుందా అని. శూద్రుణ్ణి పెళ్లాడితే సర్దుకున్న సంస్కర్తలు సైతం దీన్ని మింగలేకపోయారు. జోతీరావు ఫూలే ఒక్కడు బాహాటంగా ఆమె పక్షాన రాశాడు. ఇక్కడిదాకా అందరూ చెప్పుకునే కథే. మతం మార్చుకుని తెల్లవాళ్ల చేతిలో కీలుబొమ్మ అయిందన్నది పుణె తీర్పు. ఇంగ్లండులో ఆ ఏళ్లలో ఆమెకూ మఠానికీ మధ్య నడిచిన ఉత్తరాలు చూస్తే మాత్రం ఆ తీర్పు నిలబడదు. కీలుబొమ్మ కాలేదన్నదే మఠానికి ఆమె మీద ఉన్న ఫిర్యాదు.

ఆ ఉత్తరాల్లో ముఖ్యమైన పాత్ర సిస్టర్ జెరాల్డిన్. రమాబాయికి ఆధ్యాత్మిక తల్లిలాంటిది, ఆ హోదాను ఆమె బాగా గట్టిగానే తీసుకుంది. రమాబాయి శాకాహారం మానలేదు, అది కులగర్వానికి గుర్తని మఠం అనుమానం. సిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, మా సంస్కృతం కంటే లాటిన్‌లో ఏం పవిత్రత ఉందని రమాబాయి అడిగింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకే దేవుడనే త్రిత్వం తనకు అర్థం కాలేదంది. బైబిల్లో లేనిదాన్ని బిషప్పు చెప్పాడని నమ్మనంది. 1885లో రాసిన ఒక ఉత్తరంలో ఆమె చెప్పిన మాట సారాంశం ఇది: మా దేశపు పురోహితుల కాడి నుంచి ఎంతో కష్టపడి ఇప్పుడే మెడ తప్పించుకున్నాను, మళ్లీ అలాంటి కాడి కిందే తల పెట్టడానికి సిద్ధంగా లేను. ఈ మాట విన్నాక పుణె పండితుల కోపం, వాంటేజ్ సన్యాసినుల కోపం ఒక పోలికవే అనిపిస్తుంది. ఇద్దరూ వాడిన మాట కూడా ఒకటే: అహంకారం.

చెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో ప్రిన్సిపాల్ డొరొతియా బీల్ దగ్గర చదువుకుంటూ సంస్కృతం చెప్పేది. అక్కడ మగ విద్యార్థులకు కూడా చెప్పే అవకాశం వచ్చింది. భారతదేశంలో పనిచేసిన బిషప్పులు వద్దన్నారు. మగవాళ్లకు పాఠం చెబితే ఆమె దేశంలో ఆమె పరువు పోతుందట! రమాబాయి జవాబు సూటిగా ఉంది. మా అమ్మా నేనూ మగపిల్లలకు పాఠాలు చెబితే మా నాన్న గానీ నా భర్త గానీ కాదనలేదు, ఇంగ్లీషువాళ్లు కాదంటున్నారంటే నాకు ఆశ్చర్యంగా ఉంది, అంది. హిందూ స్త్రీని విడిపించడానికి వచ్చామన్నవాళ్లు హిందూ స్త్రీ పరువు పేరు చెప్పి ఆమెను ఆపుతున్నారు. గంగామూల అడవిలోని ఇంట్లో ఉన్న స్వేచ్ఛ చెల్టన్‌హామ్‌లో కరువైంది.

అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెట్టింది మనోరమ విషయం. రమాబాయి చెల్టన్‌హామ్‌లో ఉంటే పిల్ల వాంటేజ్‌లో మఠం దగ్గర ఉండేది. ఆ పిల్లకు ఏ మతబోధ చేయాలన్నది తల్లి నిర్ణయమా, మఠం నిర్ణయమా? పిల్లకు అర్థం కాని మతరహస్యాలు నూరిపోయొద్దని తల్లి రాసింది. తల్లి అయోమయంలో ఉంది కాబట్టి పిల్లను కాపాడాల్సింది తామేనని జెరాల్డిన్ నమ్మింది. నాలుగేళ్ల పిల్ల చుట్టూ ఇద్దరు తెలివైన ఆడవాళ్లు ఇంత పట్టుదలగా లాక్కోవడం చదువుతుంటే ఇప్పటికీ టెన్షన్‌గా ఉంటుంది. జెరాల్డిన్‌ను దుర్మార్గురాలిగా చూపడం తేలిక, కానీ అన్యాయం. ఆ ఉత్తరాల్లో ప్రేమ కూడా కనబడుతుంది. ప్రేమతో పాటు హక్కు కూడా వస్తుందని ఆమె అనుకుంది, అంతే. రమాబాయి వైపు కూడా ఒక లోటు ఉంది. పిల్లను వదిలి ఊళ్లు తిరిగే తల్లి, పిల్ల పెంపకం మీద పూర్తి అదుపు ఉంచుకోవడం మఠానికి నచ్చకపోవడంలో వింత లేదు. మగ సంస్కర్తల్లో ఇలాంటి లెక్క అప్పగించాల్సి వచ్చినవాడు ఎవడూ లేడన్నది వేరే సంగతి.

1886లో అమెరికా వెళ్లింది, దూరపు బంధువు ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలో డాక్టరు పట్టా అందుకోవడం చూడడానికి. చూసి వచ్చేద్దామనుకున్నది రెండున్నరేళ్లకు పైగా ఉండిపోయింది. కిండర్‌గార్టెన్ పద్ధతి నేర్చుకుంది, ఊరూరా ఉపన్యాసాలిచ్చింది. 1887లో ఇంగ్లీషులో హై కాస్ట్ హిందూ వుమన్ రాసి చనిపోయిన తల్లికి అంకితమిచ్చింది. అందులో తల్లిదండ్రుల కథ, గోదావరి ఒడ్డు పెళ్లితో సహా, ఉంది. ఇంటి కథను వాదనలో సాక్ష్యంగా వాడుకోవడం ఆమెకు తెలిసిన పద్ధతే. తేడా ఏమిటంటే, ఈసారి ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో ఎంచుకున్నది తనే. అదే ఏడాది బోస్టన్‌లో రమాబాయి సంఘం ఏర్పడింది. ఇండియాలో పెట్టబోయే వితంతువుల బడికి పదేళ్లు డబ్బు పంపుతామంది, బడిలో మతప్రచారం ఉండకూడదన్న షరతుతో.

అలా 1889 మార్చి 11న బొంబాయిలో శారదా సదనం తెరుచుకుంది. ఆ డిసెంబరులో బొంబాయి కాంగ్రెసు సభకు వచ్చిన కొద్దిమంది మహిళా ప్రతినిధుల్లో రమాబాయి ఒకరు. ఆ రోజుల్లోనే ఒక సభలో ఆమె గొంతు వినబడక జనం గోల చేస్తే, నా గొంతు చిన్నదైతే వింతేముంది, ఆడదాని గొంతు పెద్దదయ్యే అవకాశం మీరెప్పుడిచ్చారని అడిగిందని జీవితచరిత్రలు చెబుతాయి. 1890లో సదనం పుణెకు మారింది. మొదటి వితంతు విద్యార్థిని గోదూబాయి 1893లో ధోండో కేశవ కర్వేను పెళ్లాడింది. ఆ కర్వేనే తర్వాత సొంతంగా వితంతువుల ఆశ్రమం పెట్టి పేరు తెచ్చుకున్నాడు. సదనంలో బ్రాహ్మణ పిల్లల కోసం వంట ఆచారం ప్రకారమే జరిగేది, పూజలు చేసుకునేవాళ్లకు అడ్డు లేదు. రమాబాయి తన కులపు అలవాట్లను అర్థం చేసుకుని మరీ నడిపింది. కింది కులాల వితంతువులకు అప్పట్లో అందులో పెద్దగా చోటు లేదన్నది కూడా నిజం.

ఇప్పుడు మళ్లీ ఆ తలుపు దగ్గరికి. 1891 ప్రాంతంలో రమాబాయి లోపల ఒక మార్పు వచ్చింది. తాను క్రైస్తవ మతాన్ని పట్టుకుందే గానీ క్రీస్తును పట్టుకోలేదని తర్వాత రాసుకుంది. అంతకుముందు విశ్వాసం ఆమెకు ఒక వాదన, ఇప్పుడు ఒక అనుభవం అయింది. అనుభవాన్ని తలుపు వేసి దాచుకోవడం ఆమె వల్ల కాలేదు. రమ్మని పిలవలేదు, వస్తే పొమ్మనలేదు. తిలక్ కేసరి పత్రిక విరుచుకుపడింది. 1893లో రానడే, భండార్కర్ తదితరులు సలహా సంఘం వదిలేశారు. చాలామంది పిల్లల్ని పెద్దవాళ్లు తీసుకుపోయారు. బోస్టన్ సంఘం మాత్రం ఆమెకే అండగా నిలిచింది.

పుణె పెద్దల అభ్యంతరం ఉత్త మతపిచ్చి అని కొట్టేయలేం. పదిహేనేళ్ల వితంతువుకు అన్నం పెట్టేది, ప్రేమగా చూసేది, భవిష్యత్తు చూపేది రమాబాయే అయినప్పుడు, ఆ మనిషి గదిలో తెరిచిన తలుపు మామూలు తలుపు కాదు. పిలుపు నోటితోనే ఉండనక్కర్లేదు. ఆ పిల్లలకు రమాబాయి మీద ఉన్న ఆరాధన ఎంత బరువైనదో ఆమె తక్కువ అంచనా వేసింది. వాంటేజ్‌లో మనోరమ మీద జెరాల్డిన్‌కు ఉండిన పట్టు లాంటిదే ఇక్కడ తనకు ఉందని ఆమెకు తట్టిందో లేదో, రాతల్లో కనబడదు. అయితే రెండో వైపు ప్రశ్న కూడా అంతే బలమైనది. రానడే ఇంట్లో పూజ చేసుకుంటే, అది చూసి శిష్యుడు నేర్చుకుంటే, ఎవరూ విచారణ పెట్టరు. మగ సంస్కర్త ఇల్లు అతని సొంతం. ఆడ సంస్కర్తకు ఇల్లు వేరు, సంస్థ వేరు కాదు. ఆమె అక్కడే పడుకోవాలి, అక్కడే తినాలి, అక్కడే ఏడవాలి, అక్కడే ప్రార్థించాలి. ఆమెకు తలుపు వేసుకునే గది కూడా ఆ సంస్థ గదే.

ఆ తర్వాత ఆమె గీత గీయడం మానేసింది. 1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్లి, రోడ్ల మీద ఆకలితో, మోసగాళ్ల చేతిలో పడుతున్న ఆడపిల్లల్ని వందల సంఖ్యలో తీసుకొచ్చింది. కరువు ఎలా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుణెకు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో కేడ్‌గావ్‌లో కొన్న భూమిలో వాళ్లకు పాకలు వేయించింది. ముక్తి అని పేరు పెట్టింది. 1900 గుజరాత్ కరువు నాటికి అక్కడ ఇంచుమించు రెండు వేల మంది. ఇక్కడ కులం పట్టింపు లేదు, క్రైస్తవం దాచుకోవడమూ లేదు. పొలం, పాడి, మగ్గాలు, నూనె గానుగ, అచ్చు యంత్రం, గుడ్డివాళ్లకు బ్రెయిల్ చదువు, చెడిపోయినవాళ్లంటూ ఊరు తరిమేసిన ఆడవాళ్లకు కృపా సదనం. ఫుల్‌హామ్‌లో చూసినదాన్ని ఆమె తన నేల మీద, తన పద్ధతిలో కట్టుకుంది.

1897లో పుణె ప్లేగు సమయంలో ఆస్పత్రుల్లో ఆడవాళ్లకు జరుగుతున్న అవమానాల గురించి ఆమె బొంబాయి పత్రికలో రాసింది. విషయం బ్రిటిష్ పార్లమెంటు దాకా వెళ్లింది, గవర్నరు అబద్ధమన్నాడు. తెల్లవాళ్ల మనిషి అని ముద్ర వేసినవాళ్లకు ఇది గుర్తుండలేదు. 1905లో ముక్తిలో పెద్ద ఎత్తున మతోద్వేగం లేచింది. అమ్మాయిలు గంటల తరబడి ఏడుస్తూ, కేకలు వేస్తూ ప్రార్థనలు చేశారు. పెంతెకోస్తు చరిత్రకారులు దీన్ని గొప్పగా చెప్పుకుంటారు, స్త్రీవాదులు గబగబా పేజీ తిప్పేస్తారు. హంటర్ కమిషన్ ముందు నిలబడ్డ రమాబాయిని ఇష్టపడేవాళ్లకు ఈ రమాబాయి ఇబ్బందే. మనిషిని మనకు కావలసిన ముక్కలుగా కోసుకోవడం అభిమానులకూ అలవాటే.

చివరి పదిహేనేళ్లకు పైగా ఆమె ప్రధానమైన పని బైబిల్‌ను మరాఠీలోకి తేవడం. అందుకోసం హీబ్రూ, గ్రీకు నేర్చుకుంది. సంస్కృతంలో బిరుదులు పొందిన మనిషి, ఉన్న మరాఠీ అనువాదంలో సంస్కృతం ఎక్కువైందని, చదువురాని ఆడవాళ్లకు అర్థం కాదని, మామూలు మాటల్లో రాసింది. అక్షరాలు కూర్చింది, అచ్చు వేసింది ముక్తి ఆడవాళ్లే. కలకత్తాలో కీర్తి తెచ్చిన భాషను ఇలా తనే పక్కన పెట్టడం ఆమె జీవితంలోని పెద్ద తిరుగుబాట్లలో ఒకటి. దాన్ని మతం పనిగా మాత్రమే చూడడం వల్ల భాష పనిగా ఎవరూ పెద్దగా చర్చించలేదు.

మనోరమ పెద్దదై తల్లి దగ్గరే స్థిరపడింది. శారదా సదనం చూసుకుంది, గుల్బర్గాలో ఆడపిల్లల బడి పెట్టింది. ముక్తికి తన తర్వాత ఆమేనని రమాబాయి అనుకుంది. 1921 జులైలో నలభై ఏళ్ల వయసులో మనోరమ చనిపోయింది. తొమ్మిది నెలలకు, 1922 ఏప్రిల్ 5న, రమాబాయి. బైబిల్ పూర్తిగా అచ్చయి బయటికి వచ్చింది ఆ తర్వాతే.

జెరాల్డిన్ ఆ ఉత్తరాలన్నీ పోగు చేసి ఉంచింది. రమాబాయి ఎదురు తిరిగినవి, తను మందలించినవి, మనోరమ కోసం పోట్లాడుకున్నవి, అన్నీ. రమాబాయి తన పుస్తకాల్లో చెప్పుకోని రమాబాయి ఈ రోజు దొరుకుతున్నది ప్రధానంగా ఆ కట్టలోనే, ఆమెతో ఎక్కువగా విభేదించిన మనిషి దాచిన కట్టలో. 1977లో అవి పుస్తకంగా వచ్చాయి. వేసింది చర్చి కాదు, మహారాష్ట్ర ప్రభుత్వ సాహిత్య సంస్కృతి మండలి.